రికార్డర్‌ని స్టీరియోకి కలపడం: పిన్ను దూరినా పాట ఎందుకు సరిగా ఎక్కదు?

పాత క్యాసెట్లనీ ఎల్పీలనీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలన్న కోరిక చెన్నైలోని చాలా తెలుగు ఇళ్లలో ఉంది. మార్గళి కచేరీలు, గుడిలో చెప్పించిన హరికథ, పెళ్లి నాదస్వరం, తాతగారి గొంతు. వీటిలో చాలావాటికి ఇంకో ప్రతి ఎక్కడా ఉండదు. రిచీ స్ట్రీట్‌కి వెళ్తే ఏ పిన్నుకి ఏ పిన్ను కావాలన్నా ఏదో ఒక కొట్లో దొరుకుతుంది. వైరు తెస్తారు, పిన్ను దూరుతుంది, ఎర్రలైటు వెలుగుతుంది. తీరా పెట్టుకుని వింటే పాట ఒక పక్కనుంచే వస్తుంది. లేదా వెనక గుయ్‌మని మోత ఉంటుంది. లేదా గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఒక్కోసారి అసలేమీ ఉండదు.

వీటిలో వైరు తప్పు ఉండేది తక్కువ. రెండు పెట్టెలు కలవాలంటే మూడు విషయాలు కుదరాలి: సిగ్నల్ ఎంత వోల్టేజీతో వస్తోంది, దాన్ని ఆంప్లిఫయర్‌లో ఏ చోటు నుంచి తీస్తున్నాం, అది ఏ దిశలో పోతోంది. పిన్ను ఆకారం చూస్తే వీటిలో ఒక్కటీ తెలియదు. తికమక అంతా అక్కడే పుడుతోంది.

సాకెట్ ఒకటే, లోపలి వోల్టేజీ వేరు

ఆంప్ వెనక ఎరుపు, తెలుపు రంగుల్లో ఉండే గుండ్రటి సాకెట్లు ఆర్‌సీఏ సాకెట్లు. కొట్లో ఏవీ పిన్ను అని అడిగినా అదే చేతిలో పెడతారు. ఎరుపు కుడి చానెల్, తెలుపు ఎడమ. పాత సెట్లలో తెలుపు బదులు నలుపు ఉంటుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చేదీ, సీడీ ప్లేయర్ నుంచి వచ్చేదీ, క్యాసెట్ డెక్ నుంచి వచ్చేదీ ఇదే పిన్ను. మోసుకొచ్చే సిగ్నల్ మాత్రం ఒకటి కాదు.

మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ (సూది కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న టర్న్‌టేబుల్ దాదాపు 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. మూవింగ్ కాయిల్ రకం అయితే అర మిల్లీవోల్టు, అంతకంటే తక్కువ కూడా. క్యాసెట్ డెక్, ట్యూనర్ లాంటివి ఇచ్చేదాన్ని లైన్ లెవెల్ అంటారు. ఇంటి సామాన్లలో దీని ప్రామాణిక విలువ 0.316 వోల్టు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఇస్తుంది. స్టూడియో సామాన్ల లైన్ లెవెల్ వేరు, 1.23 వోల్టులు, అంటే దాదాపు 12 డెసిబెల్స్ ఎక్కువ. ఇక స్పీకర్ తీగల్లో, 50 వాట్ల ఆంప్ 8 ఓమ్‌ల స్పీకర్‌ని పూర్తిగా నడిపిస్తే 20 వోల్టులు ఉంటాయి. టర్న్‌టేబుల్ పిన్నుకీ స్పీకర్ తీగకీ మధ్య తేడా నాలుగు వేల రెట్లు.

దీన్నిబట్టి లక్షణం వినగానే కారణం పట్టుకోవచ్చు. లైన్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌లో పెడితే గొంతు పగిలిపోతుంది, రికార్డింగ్ లెవెల్ ఎంత తగ్గించినా పగులు పోదు. ఎందుకంటే నాబ్‌కి ముందున్న మొదటి దశలోనే సిగ్నల్ కొనలు తెగిపోయాయి. టర్న్‌టేబుల్‌ని నేరుగా లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పాట దూరంగా, బేస్ లేకుండా సన్నగా వస్తుంది. స్పీకర్ తీగని లైన్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ ఇన్‌పుట్ కాలిపోయే ప్రమాదం ఉంది.

రెక్ అవుట్, టేప్ మానిటర్ అసలు ఏం చేస్తాయి

పాత స్టీరియో ఆంప్‌ల మీద టేప్ అని రాసి నాలుగు సాకెట్లు ఉంటాయి. రెండింటి మీద రెక్ లేదా అవుట్, మిగతా రెండింటి మీద ప్లే లేదా ఇన్ అని ఉంటుంది. ఈ పేర్లు ఆంప్ వైపు నుంచి పెట్టినవి. ఆంప్ రెక్ అవుట్ రికార్డర్ లైన్ ఇన్‌కి వెళ్లాలి. రికార్డర్ లైన్ అవుట్ ఆంప్ టేప్ ఇన్‌కి రావాలి. ఇన్‌ని ఇన్‌కి, అవుట్‌ని అవుట్‌కి కలపడం అన్నిటికంటే మామూలు పొరపాటు. దానివల్ల పరికరాలు సాధారణంగా చెడవు, శబ్దం మాత్రం రాదు.

రెక్ అవుట్‌లో గొప్పదనం అది సిగ్నల్‌ని తీసుకునే చోటు. డెల్టా కాలువ మీద లాకులకు ఎగువన తవ్విన పిల్లకాలువ లాంటిది అది: లాకులు ఎత్తినా దించినా దాని నీటిమట్టం మారదు. వాల్యూమ్, బేస్, ట్రెబుల్ నాబ్‌లన్నీ దాని తర్వాతే వస్తాయి. రాత్రిపూట వాల్యూమ్ సున్నాకి తిప్పేసినా రికార్డింగ్ నిండుగా ఎక్కుతుంది. ప్రీ అవుట్ అని రాసి ఉన్న సాకెట్ అలా కాదు. అది వాల్యూమ్ నాబ్‌కి దిగువన ఉంటుంది కాబట్టి, కచేరీ మధ్యలో ఎవరైనా శబ్దం తగ్గిస్తే రికార్డింగ్‌లోనూ తగ్గిపోతుంది.

టేప్ మానిటర్ మీట నొక్కితే ఆంప్ తాను వింటున్న సోర్స్‌ని వదిలేసి రికార్డర్ నుంచి తిరిగి వచ్చేదాన్ని స్పీకర్లకి పంపుతుంది. మూడు హెడ్ల (ఎక్కించడానికీ వినిపించడానికీ వేర్వేరు హెడ్లున్న) డెక్‌లో అయితే అప్పుడే టేప్ మీద పడిన ధ్వనిని ఆ క్షణంలోనే విని, అసలుతో పోల్చుకోవచ్చు. ఈ మీట ఉందన్న సంగతి తెలియక చాలామంది ఆంప్‌ని రిపేర్‌కి మోసుకెళ్తారు. తుడుస్తూ ఉండగా ఎవరి చెయ్యో తగిలి మీట లోపలికి పోతుంది. రికార్డర్ ఆపేసి ఉంటుంది, లేదా అసలు ఉండదు. రాని సిగ్నల్ కోసం ఆంప్ ఎదురుచూస్తూ మౌనంగా కూర్చుంటుంది. శబ్దం పూర్తిగా పోయిన పాత ఆంప్‌లో మొదట చూడాల్సింది ఈ మీటనే.

రికార్డర్ అవుట్‌పుట్‌ని టేప్ ఇన్‌లో కాకుండా ఆక్స్ (అదనపు పరికరాల) సాకెట్‌లో పెట్టినా ప్లే అవుతుంది. చిక్కు రికార్డ్ చేసేటప్పుడు వస్తుంది. సెలెక్టర్ ఆక్స్ మీద ఉండగా రికార్డ్ నొక్కితే, ఆక్స్‌లోకి వచ్చింది రెక్ అవుట్ గుండా మళ్లీ రికార్డర్‌కే పోతుంది, అక్కడినుంచి మళ్లీ ఆక్స్‌కి వస్తుంది. ఆ చుట్టు తిరిగి తిరిగి కూతగా మారి స్పీకర్లని కూడా పాడుచేయగలదు. టేప్ పేరుతో ఉన్న సాకెట్లకు ఈ భయం లేదు. టేప్ వింటున్నప్పుడు అదే టేప్‌కి రెక్ అవుట్ వెళ్లకుండా లోపలే అడ్డు కట్టి ఉంటుంది.

ఇంకో సూక్ష్మం. కొన్ని ఆంప్‌లలో రెక్ అవుట్ సోర్స్‌కి నేరుగా, మధ్యలో బఫర్ (రెండింటినీ విడదీసే దశ) లేకుండా తగులుకుని ఉంటుంది. అలాంటప్పుడు కరెంటు ఆపిన డెక్‌ని అలాగే వదిలేస్తే దాని ఇన్‌పుట్ సర్క్యూట్ సిగ్నల్‌ని కొద్దిగా లాగేస్తుంది, మామూలుగా వినే పాటలో కూడా పెళుసుదనం వస్తుంది. డెక్ ఆన్ చేయగానే పాట బాగుపడితే కారణం ఇదే.

ఆంప్ ద్వారా తీయాలా, లేక డెక్ నుంచి రికార్డర్‌కి నేరుగా వైరు వేయాలా అన్నదానిమీద రెండు అభిప్రాయాలున్నాయి. నేరుగా వేయాలనేవారి వాదన: మధ్యలో సెలెక్టర్ స్విచ్‌లు, అదనపు సాకెట్లు ఉండవు, చెన్నై సముద్రపు గాలికి నల్లబడిన ప్రతి కాంటాక్టూ ఒక చిటపటకి చోటే. ఆంప్ ద్వారా తీసేవారి వాదన: టేపు, ఎల్పీ, రేడియో మూడూ ఒకే దారిలో వస్తాయి, మాటిమాటికీ వైర్లు పీకితే పాత సాకెట్లు వదులైపోతాయి. రెండూ నిజమే. ఇంట్లో పదికాలాలు ఉండే అమరికకి ఆంప్ ద్వారా తీయడమే మేలు. మళ్లీ దొరకని క్యాసెట్లను ఒక్కసారి భద్రపరిచే పనికైతే నేరుగా వేయడమే సరైనదని ఈ వ్యాసం ఉద్దేశం. ఏ దారైనా పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సాకెట్‌లో నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పితే సగం చిటపటలు పోతాయి.

అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉన్న పాత సెట్లు

ఫిలిప్స్ లాంటి ఐరోపా కంపెనీల పాత సెట్ల వెనక ఆర్‌సీఏ బదులు అయిదు రంధ్రాల డిన్ (జర్మన్ ప్రమాణం) సాకెట్ ఉండొచ్చు. వెళ్లే సిగ్నల్, వచ్చే సిగ్నల్ రెండూ దానిలోనే. ఆంప్ మీద 2వ పిన్ను గ్రౌండ్, 1, 4 రికార్డర్‌కి వెళ్లేవి, 3, 5 రికార్డర్ నుంచి వచ్చేవి. పిన్నులు వరసగా 1, 2, 3 అని ఉండవు. అర్ధచంద్రంలో 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. ఇది తెలియకుండా సోల్డరింగ్ చేస్తే ఎడమ చానెల్ లోపలికీ కుడి చానెల్ బయటికీ పోతాయి.

వైరు సరిగ్గా కట్టినా ఇంకో చిక్కుంది. డిన్ పద్ధతిలో రికార్డింగ్ సిగ్నల్‌ని కావాలనే బాగా తక్కువగా పెట్టారు: రికార్డర్ ఇన్‌పుట్‌లోని ప్రతి కిలో ఓమ్‌కి సుమారు ఒక మిల్లీవోల్టు. నేటి లైన్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లైతే అందేది 47 మిల్లీవోల్టులు, అంటే లైన్ లెవెల్‌లో ఏడో వంతు. అందుకే డిన్ నుంచి ఆర్‌సీఏకి మార్చే వైరుతో రికార్డ్ చేస్తే పాట సన్నగా, సుయ్‌మనే హిస్ ఎక్కువగా వస్తుంది. వైరు మార్చి లాభం లేదు. లెవెల్ పెంచే చిన్న ప్రీఆంప్ కావాలి, లేదా రికార్డర్‌కి సరిపడా గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) ఉండాలి.

ఎల్పీ సంగతి వేరు: పెంచడం ఒక్కటే చాలదు

టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని 5 మిల్లీవోల్టుల నుంచి లైన్ లెవెల్‌కి తేవాలంటే 36 డెసిబెల్స్ పెంచాలి. అదొక్కటే అయితే మైక్ ఇన్‌పుట్‌తో పని జరిగేది. కానీ రికార్డు మీద గాడి కోసేటప్పుడు బేస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి కోస్తారు. బేస్ పూర్తిగా కోస్తే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిలోకి పోతుంది. ట్రెబుల్ పెంచకపోతే సూది గీతల శబ్దంలో మునిగిపోతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది 1954లో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం) ప్రమాణంగా స్థిరపడింది. 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 వేల హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ పెంపు. వినేటప్పుడు దీన్ని తిరగేయాలి. ఆంప్‌లోని ఫోనో ఇన్‌పుట్, లేదా విడిగా కొనే ఫోనో ప్రీఆంప్ చేసే పని అదే.

ఇప్పటి టర్న్‌టేబుళ్లలో చాలావాటికి ప్రీఆంప్ లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అనే స్విచ్ ఉంటుంది. స్విచ్ లైన్ మీద ఉంచి ఆంప్ ఫోనో సాకెట్‌లో పెడితే ఆర్‌ఐఏఏ రెండుసార్లు జరిగి ముద్దగా, పగిలి వస్తుంది. రెండు చోట్లా జరగకపోతే సన్నగా వస్తుంది. ఒక్క చోటే జరగాలి. టర్న్‌టేబుల్ నుంచి వేలాడే సన్నటి గ్రౌండ్ తీగని ఆంప్ మీది మరకి బిగించకపోతే మోత ఖాయం.

78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుల దగ్గర వాదన ఉంది. అవి చాలావరకు ఆర్‌ఐఏఏకి ముందువి, ఒక్కో కంపెనీ ఒక్కో కర్వ్ (బేస్ తగ్గింపు, ట్రెబుల్ పెంపుల కొలత) వాడింది. ఏ కర్వూ లేకుండా ఫ్లాట్‌గా రికార్డ్ చేసుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవాలని భాండాగారాల్లో పనిచేసే చాలామంది అంటారు. ఇంట్లో వినడానికైతే ఆర్‌ఐఏఏ గుండా పోనిచ్చి ట్రెబుల్ కొంచెం సర్దుకున్నా చాలు. సూది విషయంలో మాత్రం రాజీ లేదు. 78 గాడికి దాదాపు 75 మైక్రాన్ల సూది కావాలి. ఎల్పీ సూది 18 మైక్రాన్లే కాబట్టి గాడి అడుగున దొర్లుతూ దుమ్మునే వినిపిస్తుంది.

లైన్ అవుట్ అసలే లేకపోతే

టూ ఇన్ వన్‌లలో చాలావాటికి హెడ్‌ఫోన్ జాక్ తప్ప దారి లేదు. దాన్నుంచి రికార్డ్ చేయడం నామోషీ ఏమీ కాదు. వాల్యూమ్‌ని సగం దగ్గర పెట్టి, బేస్ బూస్ట్ లాంటివి ఆపేసి, మిగతాది రికార్డర్ లెవెల్‌తో సరిచేసుకోవచ్చు. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టాలి: ఒకటుంటే మోనో, రెండుంటే స్టీరియో, మూడుంటే మైకు కూడా ఉన్న హెడ్‌సెట్ పిన్ను. స్టీరియో జాక్‌లో మోనో పిన్ను పెడితే కుడి చానెల్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. ఒకే పక్క వినిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

స్పీకర్ టెర్మినల్స్ తప్ప ఇంకేమీ లేని సెట్టు అయితే వోల్టేజీ తగ్గించాలి. లెక్క ఇలా. స్పీకర్ ప్లస్ నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని కొస నుంచి గ్రౌండ్‌కి 1 కిలో ఓమ్ రెసిస్టర్. రెండూ కలిసేచోట రికార్డర్ పిన్ను. అక్కడ పదకొండో వంతు వోల్టేజీ వస్తుంది: 20 వోల్టులు 1.8 వోల్టులవుతాయి. పావు వాట్ రెసిస్టర్లు సరిపోతాయి. కానీ ఈ పని అన్ని ఆంప్‌లకీ పనికిరాదు. బ్రిడ్జ్ రకం ఆంప్‌లలో, డిజిటల్ ఆంప్‌లుగా అమ్మే చాలావాటిలో స్పీకర్ మైనస్ కూడా గ్రౌండ్ కాదు. రెండు చానెళ్ల మైనస్‌లని రికార్డర్ గ్రౌండ్‌లో కలిపితే ఆంప్ కాలిపోవచ్చు. ఆంప్ ప్లగ్గు పీకి, మల్టీమీటర్‌తో స్పీకర్ మైనస్‌కీ ఏదైనా ఆర్‌సీఏ సాకెట్ బయటి అంచుకీ మధ్య చూస్తే సున్నా ఓమ్‌లు రావాలి. రాకపోతే రెసిస్టర్ల ఆలోచన మానేయడమే మంచిది.

లాప్‌టాప్ వైపు జరిగే తప్పు

డెక్ నుంచి అంతా సరిగ్గా వచ్చినా కచేరీ చివరి అడుగులో పాడవుతుంది. లాప్‌టాప్ పక్కనున్న ఒక్క జాక్ హెడ్‌సెట్ కోసం పెట్టింది. దాని మైక్ భాగం మోనో, పైగా మైకు నడవడానికి కావలసిన కొద్ది వోల్టేజీని బయటికి పంపుతూ ఉంటుంది. స్టీరియో లైన్ సిగ్నల్ దానిలోకి సరిగా పోదు. డెస్క్‌టాప్ వెనకైతే లేత నీలం జాక్ లైన్ ఇన్, గులాబీ రంగుది మైకు, ఆకుపచ్చది అవుట్. చౌక యూఎస్‌బీ సౌండ్ కార్డుల్లో గులాబీ జాక్ ఒక్కటే ఉంటే అదీ మోనో మైకే. కొనేముందు స్టీరియో లైన్ ఇన్ ఉందా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

స్టూడియో రకం ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌కి ఎక్కించే పెట్టె) ఉంటే రెండు ఆర్‌సీఏల నుంచి రెండు 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్నులకి వెళ్లే వైరు కావాలి. ఇన్‌స్ట్రుమెంట్ మీట ఆపి లైన్ మీద ఉంచాలి, మైకులకి కరెంటిచ్చే 48 వోల్టుల మీట ఆపి ఉంచాలి. చేతిలో పట్టే రికార్డర్ అయితే మెనూలో ఇన్‌పుట్‌ని లైన్‌కి మార్చి, ప్లగ్ ఇన్ పవర్‌నీ (మైకుకిచ్చే వోల్టేజీ) ఆటో లెవెల్‌నీ (లెవెల్‌ని తానే పెంచి తగ్గించే ఏర్పాటు) ఆపేయాలి. ఆటో లెవెల్ సంగీతానికి చేసే హాని ఒక్క కీర్తన వింటే తెలుస్తుంది. గాయని పల్లవి ముగించి ఊపిరి తీసుకున్న ఆ క్షణంలో తంబురా మెల్లగా పైకి లేస్తుంది, సభలో దగ్గులు పెద్దవవుతాయి. అనుపల్లవి ఎత్తుకోగానే అన్నీ ఒక్కసారిగా కిందికి పోతాయి. ఒకసారి అలా ఎక్కాక దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం.

గుయ్‌మనే మోత ఎక్కడినుంచి వస్తుంది

మన కరెంటు 50 హెర్ట్జ్. రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ అయి, ఆడియో వైరు గుండా కూడా వాటి గ్రౌండ్‌లు కలిస్తే ఒక చుట్టు ఏర్పడుతుంది. ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి తేడా ఉన్నా ఆ కరెంటు ఆడియో వైరు షీల్డ్‌లో పారుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఉదాహరణకి టీ నగర్‌లో ఒక ఫ్లాట్ అనుకుందాం. హాల్లో ఆంప్, డెక్, కేబుల్ సెట్‌టాప్ బాక్స్ ఉన్నాయి. లాప్‌టాప్ చార్జర్ పక్క గోడ సాకెట్‌లో ఉంది. మోత వస్తోంది. మొదట లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపాలి. మోత ఆగితే చుట్టు చార్జర్ గుండానే ఉంది. బ్యాటరీ మీదే రికార్డ్ చేసుకుంటే ఖర్చు లేకుండా పని అయిపోతుంది. ఆగకపోతే సెట్‌టాప్ బాక్స్‌లోకి వచ్చే కేబుల్ టీవీ తీగని విప్పి చూడాలి. డాబాల మీదుగా వీధి స్తంభం నుంచి వచ్చే ఆ తీగ తన ఎర్త్‌ని తానే మోసుకొస్తుంది. అప్పటికీ ఉంటే అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తేవాలి. చివరి మందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్: సిగ్నల్‌ని పోనిచ్చి గ్రౌండ్‌ని తెంచుతుంది. మరీ చౌకవాటిలో మృదంగం తొప్పి (బరువైన ఎడమ పక్క) నాదం పలచబడుతుంది కాబట్టి పెట్టకముందు, పెట్టాక విని పోల్చుకోవాలి.

మోత పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని చెప్పేవారున్నారు. మోత నిజంగానే పోతుంది. లోపల ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే ఆంప్ లోహపు పెట్టెకి 230 వోల్టులు వస్తాయి, వాటిని మళ్లించే దారి ఉండదు. ఈ సలహాని ఎంత మాత్రం పాటించకూడదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడే జరజరమనే మోత వస్తే కారణం వేరు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల కరెంటే అలా ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ లేకపోతే కరెంటు వచ్చేదాకా ఆగడమే.

టీవీ, ఆప్టికల్ సాకెట్లు

ఇప్పటి ఏవీ రిసీవర్లలో చాలావాటికి రెక్ అవుట్ లేదు. ఉన్నా అనలాగ్ ఇన్‌పుట్ల సిగ్నలే దానికి వస్తుంది. ఆప్టికల్, హెచ్‌డీఎంఐ గుండా వచ్చింది రాదు. టీవీ ఆప్టికల్ నుంచి తీయాలంటే అనలాగ్‌కి మార్చే చిన్న పెట్టె కావాలి, టీవీ సెట్టింగుల్లో ధ్వనిని పీసీఎంకి (కుదించని డిజిటల్ ధ్వని) మార్చాలి. మార్చకపోతే డాల్బీ డిజిటల్ ప్రవాహం వచ్చి, ఆ పెట్టె మౌనంగా ఉంటుంది లేదా గరగరమంటుంది.

16 బిట్లా, 24 బిట్లా

16 బిట్ల డిజిటల్ రికార్డింగ్ సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్స్ వ్యాప్తి (అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం) ఇస్తుంది. మామూలు క్యాసెట్‌కి ఉండేది 50 నుంచి 60 మధ్య. కాబట్టి క్యాసెట్‌కి 24 బిట్లు దండగ అనేవారి మాటలో తర్కం ఉంది. 24 బిట్ల పక్షం చెప్పేది వేరే: లెవెల్‌ని కిందుగా పెట్టుకుని ధైర్యంగా వదిలేయొచ్చు, తర్వాత పెంచుకున్నా నష్టం ఉండదు. డిజిటల్ మీటర్‌లో సున్నా దాటింది తిరిగి రాదు కాబట్టి ఈ వాదనకే బరువెక్కువ. గట్టి శబ్దాలు మీటర్ మీద మైనస్ 12కీ మైనస్ 6కీ మధ్య తాకేలా పెట్టుకుంటే చాలు. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా మోగే భాగం) వచ్చే చోటు ముందే వినిపించుకుని దాని ప్రకారం పెట్టాలి, ఆలాపన చూసి పెడితే మృదంగం దగ్గర తెగుతుంది.

చోటు లెక్క చిన్నది. 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోకి నిమిషానికి 10.6 మెగాబైట్లు, సీ 90 క్యాసెట్ ఒకటి 953 మెగాబైట్లు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ అయితే నిమిషానికి 17.3, క్యాసెట్‌కి దాదాపు 1.56 గిగాబైట్లు. వంద క్యాసెట్లు 160 గిగాబైట్లలో సర్దుకుంటాయి.

డాల్బీ బీ (హిస్ తగ్గించే పద్ధతి) వేసి రికార్డ్ చేసిన క్యాసెట్లను అదే మీట ఉన్న డెక్‌లోనే ఆడించాలి. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న క్యాసెట్ ప్లేయర్లలో చాలావాటికి డాల్బీ లేదు, పాత డెక్‌ని బాగుచేయించుకోవడమే దారి.

డెక్‌కి రెండు వైపులా వైర్లు తగిలించాక, ప్లే నొక్కబోయి రికార్డ్ నొక్కితే పాత కచేరీ చెరిగిపోతుంది. అందుకే క్యాసెట్‌ని డెక్‌లో పెట్టకముందే దాని వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయాలి. ఏ వైపు మీకు ఎదురుగా ఉందో, ఆ వైపుకి సంబంధించిన రెక్క ఎడమ చేతి పక్కది.